చూడని రోగికి మందు చెప్పుట ఎట్లు?

ఆయుర్వేదములో రోగిని పరీక్షించుటకు మూడు మార్గములు చెప్పబడినవి. అవి దర్శనము, స్పర్శనము, ప్రశ్నము. కంటితో చూచుట, చేతితో తాకి తెలిసికొనుట, అడిగి తెలిసికొనుట అని వీని అర్థము. అష్టాంగహృదయములో వాగ్భటాచార్యుడు చెప్పిన ఈ త్రివిధ పరీక్ష వైద్య విద్యార్థికి తొలి పాఠములలో ఒకటి. సుశ్రుతాచార్యుడు దీనిని ఇంకను విస్తరించి, పంచేంద్రియములతో ఐదు, ప్రశ్నతో ఒకటి, వెరసి ఆరు ఉపాయములతో రోగమును గుర్తించవలెనని చెప్పియున్నాడు. మా గురుకులములో రోగి వాకిలి దాటి లోనికి వచ్చునప్పుడే అతని నడకను, ఆయాసమును, ముఖవర్ణమును గమనించుట నేర్పెడివారు. రోగి కూర్చుని నోరు విప్పు లోపలనే సగము పరీక్ష ముగిసియుండెడిది.

ఈనాడు రోగి వాకిటికి రాకుండ ఫోను చేయుచున్నాడు. కంటికి కానరాడు, చేతికి అందడు. మూడు పరీక్షలలో మిగిలినది ప్రశ్న ఒక్కటే. వీడియోలో మాట్లాడినచో దర్శనము కొంత తిరిగి వచ్చును గాని స్పర్శనము రాదు. ఇట్టి స్థితిలో వైద్యుని ఆలోచన ఎట్లు మారును, అది ఎక్కడ దారి తప్పును, రోగియు ఇంటివారును వైద్యునికి ఎట్లు సాయపడవలెను అన్న విషయములను ఈ పాఠములో వివరించెదను.

ఉత్తరము నుండి ఫోను వరకు

దూరము నుండి వైద్య సలహా పొందుట మనకు క్రొత్త కాదు. పత్రికలకు ఉత్తరము వ్రాసి వైద్యుని సమాధానము కొరకు ఎదురుచూచుట తెలుగు పాఠకులకు చిరకాలపు అలవాటు. అయితే ఉత్తరము పోయి బదులు వచ్చుటకు దినములు, వారములు పట్టెడిది. కావున ఛాతీ నొప్పి వచ్చినవాడు ఉత్తరము వ్రాయడు. జుట్టు ఊడుట, మొలలు, చర్మవ్యాధి, ఏండ్ల తరబడి ఉన్న అజీర్ణము, ఇట్టి దీర్ఘవ్యాధులే ఉత్తరములలో వచ్చెడివి. ఆ ఆలస్యమే ఒక జల్లెడవలె పనిచేసి, తొందర గల రోగములను ఆసుపత్రికి పంపెడిది. ఫోను వచ్చిన పిదప ఆ జల్లెడ పోయినది. మొలల రోగియు, గుండెపోటు రోగియు ఒకే విధముగ, ఒకే సమయమున ఫోను చేయుదురు. జల్లించు పని ఇప్పుడు వైద్యుని బుద్ధిపై పడినది.

మన రాష్ట్రములలో దీనికి కొంత చరిత్ర కలదు. 2000 సంవత్సరములో చిత్తూరు జిల్లా అరగొండలోని ఆసుపత్రిని ఉపగ్రహము ద్వారా పట్టణములోని నిపుణులతో కలిపిరి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 104 సంఖ్యకు ఫోను చేసి ఆరోగ్య సలహా పొందు సదుపాయము వచ్చినది. కోవిడ్ కాలమున, 2020 మార్చి 25న, కేంద్ర ప్రభుత్వము దూరవైద్యమునకు మార్గదర్శకములను విడుదల చేసినది. అదే సంవత్సరము ఏప్రిల్‌లో ఈ-సంజీవని ద్వారా ఇంటి నుండియే వైద్యునితో మాట్లాడు ఏర్పాటు మొదలైనది.

వీనిలో ఒక భేదమును గమనించవలెను. అరగొండ వంటి చోట రోగి ప్రక్కన ఒక వైద్యుడో, నర్సో ఉండును. అచ్చట స్పర్శనము పోలేదు, మరియొకరి చేతికి మారినది. ఇంటి నుండి చేయు ఫోనులో ఆ చేయి కూడ లేదు.

ఆలోచనా క్రమము తలక్రిందులగుట

రోగి ఎదుట ఉన్నప్పుడు వైద్యుని ఆలోచన ఒక వరుసలో సాగును. నిదానము అనగా రోగకారణము, పూర్వరూపము, రూపము, ఉపశయము, సంప్రాప్తి అను నిదాన పంచకముతో రోగమును నిర్ణయించి, పిదప అది సాధ్యమా, కష్టసాధ్యమా, అసాధ్యమా అని యోచించి, చివరకు చికిత్సకు దిగును.

ఫోనులో ఈ వరుస పనికిరాదు. మొదట రోగము పేరు వెదకరాదు. "ఇది చూడకుండ, తాకకుండ తేల్చదగిన విషయమేనా?" అని మొదట తనను తాను అడుగుకొనవలెను. అందుకు సమాధానము "కాదు" అయినచో, రోగము పేరు తెలియకపోయినను వైద్యుని నిర్ణయము పూర్తియైనట్లే. రోగిని రమ్మని చెప్పవలెను, లేదా దగ్గరి ఆసుపత్రికి పంపవలెను. ఈ ఒక్క సూత్రమును మరచినప్పుడే ఫోను వైద్యము ప్రాణముల మీదికి వచ్చును. మరచుటకు దారితీయు సందర్భములు నాలుగు కలవు.

ఒకటి: రోగి చెప్పిన పేరే రోగమగుట. ఫోను చేయువారు లక్షణములు చెప్పరు, పేరు చెప్పెదరు. "గ్యాస్ పట్టింది", "వేడి చేసింది", "నరాల బలహీనత" అందురు. ఏబది యేండ్లు దాటిన మధుమేహ రోగి రాత్రి పూట ఫోను చేసి, "డాక్టరు గారూ, సాయంత్రం మిరపకాయ బజ్జీలు తిన్నాను, ఛాతీలో గ్యాస్ పట్టేసింది, ఏదైనా చూర్ణం చెప్పండి" అనెననుకొనుడు. ఇచ్చట రోగి పేరుతోపాటు నిదానమును కూడ అందించినాడు. బజ్జీలకును గ్యాసుకును చక్కగా పొత్తు కుదిరినది. ఆ పొత్తే ప్రమాదకరము. ఎదుట ఉన్నచో నుదుటి చెమట, పాలిపోయిన ముఖము వైద్యుని కంటబడును. ఫోనులో అడిగితేనే తెలియును. ఛాతీపై బరువు పెట్టినట్లున్నదా, నొప్పి దవడకో, ఎడమ భుజమునకో, వీపునకో ప్రాకుచున్నదా, చెమట పట్టినదా, ఆయాసము వచ్చుచున్నదా అని అడుగవలెను. వీనిలో ఒక్కటి ఉన్నను చూర్ణము మాట ఎత్తరాదు, 108కి ఫోను చేయించవలెను. మధుమేహ రోగులలోను స్త్రీలలోను గుండెపోటు గట్టి నొప్పి లేకుండ, ఒట్టి ఆయాసముగనో, నీరసముగనో, వాంతిగనో కూడ రావచ్చును. కావున అట్టివారు "గ్యాస్" అన్నప్పుడు మరింత జాగ్రత్త వలెను.

రెండు: అడుగనిది లేదని భావించుట. ఎదుట ఉన్న రోగి శరీరము అడుగకుండనే అనేక విషయములు చెప్పును. ఫోనులో అడుగనిది వైద్యుని దృష్టిలో లేనట్లే అగును. ఒక గృహిణి "ఆకలి లేదు, వికారముగా ఉంది" అని చెప్పి జీర్ణమునకు మందు అడిగినది అనుకొనుడు. శొంఠి, జీలకర్ర చెప్పి ముగించుట సులభము. కాని మూత్రము రంగు అడిగినచో ముదురు పసుపు అని చెప్పవచ్చును. అప్పుడది కామల, అనగా పచ్చకామెర్లు అయి ఉండవచ్చును. కంటి తెల్లగ్రుడ్డును పగటి వెలుతురులో చూడుమని ఇంటివారితో చెప్పవలెను. రాత్రి దీపముల వెలుగులో తీసిన ఫోటోను బట్టి నిర్ణయించరాదు. పచ్చని దీపము లేని పసుపును చూపును, తెల్లని దీపము ఉన్న పసుపును కప్పివేయును.

మూడు: కంఠస్వరమును నమ్ముట. అష్టస్థాన పరీక్షలో శబ్దము కూడ ఒకటి. ఫోనులో దొరకు ప్రత్యక్ష ప్రమాణము అదియే గనుక వైద్యుడు దానిపై అధికముగ ఆధారపడును. అది కొంతవరకు ఉపయోగమే. పూర్తి వాక్యము చెప్పలేక మధ్యలో ఆగి ఊపిరి తీసికొనువానిని వినగనే ఆసుపత్రికి పంపవచ్చును. కాని 2020, 2021 సంవత్సరములలో కోవిడ్ మనకొక పాఠము నేర్పినది. కొందరు రోగులు ఫోనులో నిదానముగ, స్పష్టముగ మాట్లాడుచుండగనే వారి రక్తములో ప్రాణవాయువు ప్రమాదకరముగ తగ్గియుండెను. వేలికి తగిలించు చిన్న పరికరము ఆ సంగతిని బయటపెట్టినది. స్వరము బాగున్నంత మాత్రమున రోగి బాగున్నాడని తలచరాదు.

నాలుగు: ఇతరుల నోట వినుట. కొడుకు అమెరికాలో, తల్లి పల్లెటూరిలో, వైద్యుడు వేరొక పట్టణములో ఉందురు. కొడుకు ఫోను చేసి "మా అమ్మకు మోకాళ్ల నొప్పులండి, మందు పంపించండి" అనును. అతని ప్రేమను శంకింపనక్కరలేదు. కాని అతడు చెప్పునది తల్లి చెప్పినదానిలో తాను విన్నంత మాత్రమే. పైగా తల్లులు దూరముననున్న బిడ్డలు బెంగపడుదురని బాధను తగ్గించి చెప్పుదురు. ఇట్టివారితో నేను తల్లిగారిని స్వయముగ ఫోనులోనికి రమ్మనుడని, ఆమె ప్రక్కన ఒక మనిషిని ఉంచుడని చెప్పుదును. ఆ రెండును కుదరనిచో మందు చెప్పుట కుదరదందును.

తాకలేనిదానిని తెలిసికొను ఉపాయము

ఇంతవరకు లోపములను చెప్పితిని. ప్రశ్నకు గల బలమును కూడ చెప్పుట న్యాయము. చరకాచార్యుడు ఆప్తోపదేశము, ప్రత్యక్షము, అనుమానము అను మూడింటితో రోగమును తెలిసికొనవలెనని చెప్పెను. ఇచ్చట అనుమానము అనగా సందేహము కాదు. కనబడు ఆనవాలును బట్టి కనబడనిదానిని యుక్తితో ఊహించుట. రోగి శరీరపు రుచిని వైద్యుడు నాలుకతో చూడలేడు గనుక, ఈగలు ముసురుటను బట్టి మాధుర్యమును ఊహించవలెనని చరక సంహితలో ఉన్నది. మూత్రమునకు చీమలు పట్టుట ప్రమేహమునకు పూర్వరూపమని చెప్పుటయు ఇట్టిదే. ఇంద్రియమునకు అందనిదానికి మరియొక దారి వెదకుట మన శాస్త్రమునకు తెలియని పని కాదు.

పైన చెప్పిన మోకాళ్ల నొప్పులనే తీసికొందము. అవి సంధిగత వాతమా, ఆమవాతమా అని తేల్చుట ముఖ్యము. మొదటిదానికి తైలాభ్యంగము హితము. రెండవదానిలో ఆమము, అనగా పక్వము కాని అన్నరసము చేరియుండును గనుక, నూనె మర్దనతో నొప్పి పెరుగును. దానికి ఇసుక మూటతో కాపడము వంటి రూక్షస్వేదము హితము. ఎదుట ఉన్నచో మోకాలిపై అరచేయి ఉంచి వేడిని, వాపును, కదలించినప్పుడు కిరకిరను తెలిసికొందుము. ఫోనులో ఈ ప్రశ్నలు అడుగవలెను.

ఉదయము లేచిన తరువాత కీళ్ల బిగుతు ఎంతసేపు ఉండును? అరగంట లోపల సడలినచో సంధిగత వాతమువైపు, గంటకు మించి ఉన్నచో ఆమవాతమువైపు మొగ్గు చూపవలెను. నడచినకొలది నొప్పి పెరుగునా, తగ్గునా? మోకాళ్లు మాత్రమేనా, చేతి వ్రేళ్ల కణుపులు కూడ వాచినవా? ఆకలి మందగించినదా, ఒడలు బరువుగ ఉన్నదా, జ్వరము తగులుచున్నదా? ఇంతకుముందు నూనె రాచుకొన్నారా, రాచుకొన్నప్పుడు హాయిగ ఉన్నదా, ఎక్కువైనదా? ఈ చివరి ప్రశ్నయే ఉపశయ పరీక్ష. రోగము గూఢముగ ఉన్నప్పుడు మందు, ఆహారము, విహారము వలన కలిగిన హితాహితములను బట్టి దానిని గుర్తించుట ఉపశయము. రోగి ఇంటిలో తనకు తాను చేసికొన్న చిట్కా కూడ వైద్యునికి ఈ విధముగ ఒక పరీక్షా ఫలితమగును. అయితే ఒకే మోకాలు హఠాత్తుగ ఎఱ్ఱబడి, వేడెక్కి, జ్వరము కూడ ఉన్నచో ఈ ప్రశ్నలన్నియు ఆపి వెంటనే ఆసుపత్రికి పంపవలెను. కీలులో చీము పట్టి ఉండవచ్చును.

ఫోనుకు ఒక ప్రత్యేక లాభము కూడ కలదు. వైద్యశాలకు వచ్చిన రోగిని "ఏ మందులు వాడుచున్నారు?" అని అడిగినచో "తెల్ల మాత్ర ఒకటి, ఎఱ్ఱది ఒకటి" అనును. ఇంటిలో ఉన్నవానిని మందుల డబ్బా తెచ్చి ఒక్కొక్క పేరు చదువుమనవచ్చును. పథ్యము చేయుచున్నాననువానిని నేటి మధ్యాహ్నము భోజనములో ఏమేమి తిన్నారని అడుగవచ్చును. అధికముగ వాడు నొప్పి మాత్రలు, ఊరగాయలు ఈ ప్రశ్నలలోనే బయటపడును.

ఇంటివారి చేయి అరువు తెచ్చుకొనుట

వైద్యుడు తాకలేనప్పుడు ఇంటివారు చేయదగిన పరీక్షలు కొన్ని కలవు. పాఠకులు వీనిని నేర్చుకొనుట మేలు.

1. శ్వాస లెక్క: దగ్గు, జ్వరము ఉన్న పసిబిడ్డ ఏడువకుండ ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారము చూచుచు పూర్తిగ ఒక నిమిషము శ్వాసలు లెక్కించవలెను. రెండు నెలల లోపు బిడ్డకు 60 గాని అంతకు మించి గాని, రెండు నెలల నుండి ఏడాది లోపు 50 గాని అంతకు మించి గాని, ఏడాది నుండి ఐదేండ్ల లోపు 40 గాని అంతకు మించి గాని ఉన్నచో అది వేగశ్వాస. డొక్కలు లోనికి పోవుచున్నచో మరింత ప్రమాదము. కషాయములతో కాలము గడపక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

2. కాలి వాపు: ముంగాలి ఎముకపై బొటనవ్రేలితో కొన్ని క్షణములు నొక్కి విడువవలెను. గుంట పడి నిలిచినచో నీరు చేరినదని అర్థము. దాని కారణమును ఫోనులో తేల్చరాదు. ఒక కాలు మాత్రమే వాచి, పిక్క నొప్పిగ ఉన్నచో ఆలస్యము చేయరాదు, ఆ కాలికి మర్దన చేయరాదు.

3. కడుపు నొప్పి: బొడ్డు వద్ద మొదలై కుడి ప్రక్క క్రిందికి దిగిన నొప్పి, దగ్గినప్పుడు గాని మడమలపై లేచి దిగినప్పుడు గాని చురుక్కుమను నొప్పి ఉన్నచో ఆముదము గాని మరే విరేచన ద్రవ్యము గాని ఇవ్వరాదు. అది ఉండుక వాపు అయినచో హాని కలుగును.

4. నాలుక: ఉదయము పండ్లు తోముకొనుటకు, కాఫీ త్రాగుటకు ముందు పగటి వెలుతురులో ఫోటో తీసి పంపవలెను. తెల్లని మందమైన పూత ఆమమునకు ఒక సూచన.

నాడిని గూర్చి చాలమంది అడుగుదురు. ఇంటివారు నిమిషమునకు నాడి ఎన్నిసార్లు కొట్టుకొనుచున్నదో లెక్కించి చెప్పవచ్చును. నాడి గతిని మాత్రము వైద్యుని వ్రేళ్లే తెలిసికొనవలెను. ఫోనులో నాడి చూచెదమనువారి మాట నమ్మవద్దు.

క్రొత్త రోగి, పాత రోగి

చరక సంహితలో ప్రకృతి, వికృతి, సారము, సంహననము, ప్రమాణము, సాత్మ్యము, సత్త్వము, ఆహారశక్తి, వ్యాయామశక్తి, వయస్సు అని దశవిధ పరీక్ష చెప్పబడినది. ఏండ్ల తరబడి నా వద్దకు వచ్చు రోగి ఫోను చేసినప్పుడు వీనిలో చాల భాగము నాకు ముందే తెలిసియుండును. వికృతిని, శక్తులలో వచ్చిన మార్పును మాత్రము క్రొత్తగ తెలిసికొనిన చాలును. ముక్కు మొగము తెలియని రోగి విషయములో పదియు తెలియవు. కావున అదే లక్షణము, అదే మాట విన్నను ఇద్దరికి ఒకే సమాధానము చెప్పుట యుక్తము కాదు. 2020 మార్గదర్శకములు కూడ మొదటిసారి సంప్రదింపును, తదుపరి సంప్రదింపును వేరుగ చూచినవి. దూరము నుండి సలహా చెప్పుట తగునా, రోగి స్వయముగ రావలెనా అను నిర్ణయమును వైద్యునికే విడిచినవి.

ఔషధ విషయములోను ఇట్టి విచక్షణ అవసరము. వత్సనాభి, భల్లాతకము వంటి విషద్రవ్యములు ఔషధ నియమావళిలోని ఇ-1 షెడ్యూలులో చేర్చబడినవి. అవి చేరిన కడుపులోనికి తీసికొను మందులను వైద్య పర్యవేక్షణలోనే వాడవలెను. నేను చూడని రోగికి ఇట్టి మందులను గాని, రసౌషధములను గాని, శోధన చికిత్సను గాని ఫోనులో చెప్పను. పథ్యము, లంఘనము, వంటింటి ద్రవ్యములతో చేయదగిన సౌమ్య చికిత్స వరకే నా హద్దు.

చెప్పిన మందు కూడ ఫోనులో ఒక పరీక్షయే. అందుచేత ఒకసారి ఒకే మందు చెప్పుదును. నాలుగు కలిపి చెప్పినచో ఏది మేలు చేసినది, ఏది కీడు చేసినది తెలియదు. ఎన్ని దినములలో ఎంత మార్పు రావలెనో చెప్పి, రానిచో ఏ దినమున స్వయముగ రావలెనో నిర్ణయింతును. చెప్పినదానిని రోగిచేత తిరిగి చెప్పింతును. "అర చెంచా" అన్నది "ఆరు చెంచాలు"గ వినబడు అవకాశము ఫోనులో ఎక్కువ.

పాఠకులకు సూచనలు

ఫోను చేయుటకు ముందు వయస్సు, ఉన్న దీర్ఘవ్యాధులు, వాడు మందుల పేర్లు, బాధ మొదలైన దినము, జ్వరమున్నచో థర్మామీటరు చూపిన అంకె ఒక కాగితముపై వ్రాసికొనుడు. రోగము పేరు చెప్పవద్దు, బాధను చెప్పుడు. "గ్యాస్" అనక "ఇచ్చట, ఇట్లు, ఇంతసేపటి నుండి నొప్పి" అనుడు. స్త్రీలు గర్భవతులైనను, కావచ్చునను సందేహమున్నను మొదటనే చెప్పవలెను.

ఛాతీ నొప్పి, ఆయాసము, మూతి వంకరపోవుట, ఒక ప్రక్క చేయి కాలు పడిపోవుట, మాట తడబడుట, స్పృహ తప్పుట, మూర్ఛ, రక్తపు వాంతి, నల్లని విరేచనము, గర్భిణికి రక్తస్రావము, పాము కాటు, మూడు నెలల లోపు బిడ్డకు జ్వరము, ఇవి ఫోనులో మందు అడుగదగినవి కావు. 108కి ఫోను చేయుడు, ఆసుపత్రికి పొండు.

వైద్యుడు "మీరు ఒకసారి వచ్చి చూపించుకొనవలెను" అన్నప్పుడు చాలమంది నొచ్చుకొందురు. దూరము, ఖర్చు, పనిదినము పోవుట, ముసలివారిని బస్సెక్కించుటలోని కష్టము నేనెరుగనివి కావు. అయినను ఫోనులో వైద్యుడు మీకు చేయగల మేలులలో ఆ మాట చెప్పుటయు ఒకటి. తాను తాకి చూడనిదే తేల్చలేనని అతడు తెలిసికొని చెప్పుచున్నాడు. ఆ మాట విన్న దినముననే బయలుదేరుడు. ఆ రాక కుదరనిచో మీ దగ్గరనున్న ఏ వైద్యునికైనను చూపించి, వారు చెప్పినదానిని నాకు ఫోనులో తెలుపుడు.